కూరలు ఉడికిన నీళ్ళు

ఏప్రిల్ 4, శుక్రవారం

మంగళవారం పొద్దున్న పదే పదే గుర్తొస్తోంది. విశేషమేమీ లేదు. ప్రార్థన ముగించి వంటింట్లోకి వెళ్ళాను. క్యారెట్, బీన్స్ సన్నగా తరిగి, పెద్ద గిన్నెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు సింకులో వంపేశాను. మళ్ళీ కొత్త నీళ్ళు. తమ్ముడి కిడ్నీలు పాడైన ఈ రెండేళ్ళూ నాకు ఇలాగే తెల్లవారుతోంది. కూరల్లో ఉండే పొటాషియం వాడి గుండెకు చేటు. డాక్టరిచ్చిన చార్ట్ ఫ్రిజ్ మీదే ఉంది.

చెల్లెలు అప్పుడే సూట్‌కేసుతో దిగింది. బలమంతా సింకుకు తాగించి మనిషికి పిప్పి పెడుతున్నావా అక్కా, అందుకే వాడలా పుల్లలా తయారయ్యాడు, అంది. మరదలు ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

వచ్చే నెల తమ్ముడికి కిడ్నీ ఇచ్చేది చెల్లెలే. నాది సరిపడలేదు.

ఏప్రిల్ 5, శనివారం

చెల్లెలు లేత కూరగాయలతో పాస్తా చేసింది. గోధుమ పాస్తా, పాలకూర, టమాటా, పచ్చి బఠాణీ. ఫోన్‌లో చూసి చదివింది: ప్రొటీన్ ఇంత, ఫైబర్ ఇంత, పొటాషియమైతే పుష్కలం అని. అక్కడ గొంతు కూడా పెంచింది.

వాడికది పడదే, అన్నాను. ఒక్కసారే. మరదలు నన్ను పక్కకు లాగి, ఇప్పుడు తనని నొప్పించకండి వదినా, ఒక్క పూటకేమవుతుంది, అని బతిమాలింది. ఊరుకున్నాను.

ఉడికిన నీళ్ళూ సాస్‌లోనే పోసింది. తమ్ముడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఇన్నాళ్ళకు తిండి తిన్నట్టుంది చిన్నక్కా, అన్నాడు. నా వైపు చూడలేదు.

ఏప్రిల్ 6, ఉదయం 5.40

కాళ్ళు కదలడం లేదన్నాడు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాం.

మధ్యాహ్నం

పొటాషియం ఏడు దాటిందట. డయాలసిస్ పెట్టారు. గండం గడిచింది. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే మరదలు ఆయన్ని కాస్త దూరం తీసుకెళ్ళి చెప్పింది. నావల్లేనా అక్కా, అని చెల్లెలు నా చేయి వదలడం లేదు. దేవుడికి దండం పెట్టుకున్నాను.

సాయంత్రం

తమ్ముడి మంచం దగ్గర, చెల్లెలు లేనప్పుడు, వాడూ మరదలూ తేల్చారు. నిన్న పొద్దుటి కూరలో నీళ్ళు వంపడం నేనే మరిచిపోయానని చెప్పాలి. దాని మనసు విరిగితే కిడ్నీ సంగతేంటి, అన్నాడు తమ్ముడు. కాస్త ఏడుస్తూ చెప్పండి వదినా, అంది మరదలు.

చెప్పాను. చెల్లెలు నన్ను క్షమించింది.