మూడుసార్లు వచ్చిన పెళ్ళికొడుకు

ఆళ్లగడ్డ, సోమవారం

చిరంజీవి విజయభాస్కర్‌కు గురుస్వామి మామ ఆశీస్సులు.

ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావని రాస్తున్నాను. మన పెళ్ళి సంబంధాల కేంద్రానికి నువ్వు చేసిచ్చిన ప్రోగ్రాంలో చాగలమర్రి శ్రీనాథ్ అదే ఫొటోతో మూడుసార్లు వస్తున్నాడు. "ముగ్గురన్నదమ్ములూ ఒకే చొక్కా ఏసుకున్యారే, ఏందీ?" అని ఒక పిల్ల తల్లి అడిగింది. వాడికి మూడు ఫోన్ నంబర్లున్నాయి, అంతే. సరిచేసి, జవాబు బస్సు కండక్టరు నరసింహులు చేతికివ్వు.

ఇట్లు, గురుస్వామి

తా.క.: మా అమ్మాయి సాత్వికకు కూడా ఇందులోనే సంబంధం చూస్తున్నాను.

నంద్యాల, బుధవారం

మామకు నమస్కారాలు.

ఫోన్ నంబర్ల పట్టికతో కలిపి తీస్తున్నాను కదా, ఎన్ని నంబర్లుంటే అన్ని వరసలు వస్తున్నాయి. అచ్చం ఒకేలా ఉన్న వరసలను తీసేసే డిస్టింక్ట్ పెట్టాను, నంబర్లు వేరు కాబట్టి ఒక్క వరసా పోలేదు. అందుకని పీహెచ్‌పీ కోడులో పేరునే కీగా, అంటే గుర్తుగా పెట్టి, ఒక్కో కీకి ఒక్కటే కుర్చీ ఉండే అరేలో వేశాను. అదే పేరు మళ్ళీ వస్తే పాతవాడు లేస్తాడు, కొత్తవాడు కూర్చుంటాడు. ఇక నిశ్చింతగా ఉండండి.

మీ విజయభాస్కర్

తా.క.: నా వివరాలు కూడా ఎక్కించాను మామా. సాత్విక కంటపడితే నాకంతే చాలు.

ఆళ్లగడ్డ, శనివారం

విజయభాస్కర్‌కు,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. రెండువందల పన్నెండు మంది పెళ్ళికొడుకులు అరవై ఒక్కరయ్యారు. మన ఇండ్లల్లో తాత పేరు మనవడికి పెట్టకుంటే ఊరుకుంటారా? తొమ్మిది మంది సుబ్బరామయ్యలను ఒక్కణ్ణి చేశావు. మిగతా ఎనిమిది మంది తల్లులు అంగడి ముందు కూర్చుని "మావోణ్ణి యాడ దాచిపెట్టినావప్పా?" అంటున్నారు.

గురుస్వామి

తా.క.: నీ పేరు కొడితే నువ్వు కాదు, అవుకు ఊరి విజయభాస్కర్ అని ఇంకొకడు వచ్చాడు. సాత్విక వద్దనలేదు. రేపు పోయి చూసివస్తాము.

నంద్యాల, ఆదివారం

మామా, పోవద్దండి.

మీరు ఫోనెత్తడం లేదు. ఆ అవుకు వాడు నా తర్వాత ఎక్కినట్టున్నాడు, నన్ను లేపి నా చోట కూర్చున్నాడు. తప్పు నాదే. పేరు తీసేసి, ఎవరిది వారికే ఉండే రిజిస్ట్రేషన్ నంబరును కీ చేశాను. సుబ్బరామయ్యలందరూ తిరిగొచ్చారు. నేనూ వచ్చాను. నాకు అన్నం దిగడం లేదు.

విజయభాస్కర్

ఆళ్లగడ్డ, మంగళవారం

చిరంజీవికి,

నీ ఉత్తరం అందేలోపే అవుకు చేరాము. ఊరంతా అడిగాము, అట్లాంటివాడు లేడన్నారు. పట్టికలో ఉన్న నంబరుకు కొట్టాను. జీపు వెనక సీట్లో సాత్విక సంచిలో, నాకు తెలియని ఇంకో ఫోను మోగింది.

"ఆ దొంగపేరు నేనే ఎక్కించినా నాయనా. పేరుతో కలిపేస్తే మనుషులు పోతారని చెప్తే ఆయప్ప ఇంటాడా? తాను మాయమైతేనే తెలుస్తాది" అంది. నీ బుధవారం ఉత్తరాన్ని నాకంటే ముందు తనే చదివిందట. మీ అత్త కన్యకమ్మ రిజర్వాయరు గట్టు మీద కూర్చుని నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆదివారం మీ అమ్మానాన్నలను పిలుచుకుని రా.

గురుస్వామి

తా.క.: నీకు రెండు నంబర్లున్నాయట. ఒక్కసారే రమ్మని సాత్విక చెప్పమంది.