గంపలగూడెం బావే చంపించాడు

తిరువూరు,
బుధవారం.

చి.సౌ. శ్రీవల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ అమ్మ పోయాక అందరం అంటే నేనొక్కణ్నే. క్షేమమే. కర్నూలులో నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకే కాగితం తీశాను.

నీ మెసేజీలో మూడు సంగతులు అడిగావు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. అన్నం వండుకుంటున్నాను, కూర కర్రీ పాయింటు నుంచి తెచ్చుకుంటున్నాను. మూడోది, "మామయ్యని హంతకుడన్నావట, అత్త ఏడుస్తోంది, వెంటనే క్షమాపణ చెప్పు" అన్నావు. అది అడగడం కాదు, తీర్పు.

నేను మీ మామయ్యని ఏమీ అనలేదు. టీవీలో సిరీస్ చూశాను, అంతే. నువ్వు పెట్టించిన కనెక్షన్‌లోదే. ఎనిమిది భాగాలు. డ్యాం కడుతున్న ఇంజనీరు చచ్చిపోతాడు, ఎవరు చంపించారన్నది కథ. దానికి ముప్పైమంది మనుషులు, మూడు రాష్ట్రాలు, ఒకే ఆడమనిషికి రెండు పేర్లు! రెండో భాగంలో చచ్చినవాడు నాలుగో భాగంలో కూర్చుని భోంచేస్తుంటాడు. అది పాత సంగతని చెప్పరు. జుట్టు చూసి మనమే కనుక్కోవాలట. నేను బీఎస్సీ పాసైనవాణ్ని. ముప్పై ఏళ్లుగా విత్తనాల కొట్టు నడుపుతున్నాను, గింజ చూసి పంట రకం చెప్పగలను. ఈ మనుషుల్ని మాత్రం పోల్చుకోలేకపోయాను. చూసేవాడంటే వాళ్లకి లెక్కలేదు. అయినా ఒక్క నిమిషం వదల్లేదు. నా కోపం అదే. అర్థం కానిదాన్ని అంత బాగా ఎందుకు తీయాలి?

మీ అమ్మకి ఈ ఇబ్బంది లేదు. పేర్లు పట్టించుకునేది కాదు, పోలికలు పెట్టేది. దొంగ ఏడుపు ఏడ్చే ఆవిడ "మన వినగడప పుష్పలత". ఫైలు చంకన పెట్టుకుని, కళ్లజోడు కండువాతో తుడుచుకునే పెద్దమనిషి "అచ్చం గంపలగూడెం అన్నయ్య". నాకు బావ కాబట్టి నేను గంపలగూడెం బావ అన్నాను. ఆ పేర్లతోనే ఇద్దరం ఐదు భాగాలు చూశాం. తను రెండో భాగంలోనే తేల్చేసింది.

"చూస్తూ ఉండండి, గంపలగూడెం అన్నయ్యే చేయించాడు."

"ఊరుకో. అందులో అతనొక్కడే మంచివాడు."

"అందుకేనండీ!"

ఆ తర్వాత ఆసుపత్రి. మీ అమ్మ పోయాక నాలుగు నెలలు దాని జోలికి పోలేదు. మొన్న ఆదివారం మధ్యాహ్నానికి మిగిలిన మూడూ పూర్తిచేశాను. చంపించింది నిజంగా అతనే. లేచి నిలబడి, "గంపలగూడెం బావే చంపించాడు! గంపలగూడెం బావే!" అని అరిచాను. అదే సమయానికి మీ అత్త, మా అక్కయ్య, ఆటో దిగి, డబ్బా పట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉంది. లోపలికి వచ్చి ఏంట్రా అని అడగొచ్చు కదా? డబ్బా అరుగు మీద పెట్టి తిరుగు ఆటో ఎక్కింది. ఫోన్ చేస్తే, "మా ఆయన చీమక్కూడా హాని చెయ్యడురా! నువ్వసలు నా తమ్ముడివేనా?" అంది. బావ ఫోను తీసుకుని, "నేనెవర్ని చంపానోయ్?" అని నవ్వాడు. నేను చెప్పేలోగా అక్కయ్య లాక్కుని పెట్టేసింది. ఆ ఇంట్లో ఆయనొక్కడే మంచివాడు. అరవై ఏళ్లుగా నన్నెరిగిన అక్కయ్యకి టీవీ మోత వినపడలేదా? భార్య పోయినవాడికి మతి పోయిందని అందరూ ఎంత తేలిగ్గా నమ్మేశారు! నువ్వు కూడా.

క్షమాపణ చెప్పనని రాసి ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. కానీ ఒక సంగతి ఉంది. ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రిలో చివరి వారం మీ అమ్మ, "ఆ మిగతా భాగాలు చూసి ఎవరో చెప్పండి" అంది. రెండు రోజులు అడిగింది. నేను చూడలేదు. మూడో రోజు నోటికొచ్చింది చెప్పాను.

"ఇంజనీరు డ్రైవరు."

"డ్రైవరా?" అంది. "అయ్యో, అన్నయ్యని అనవసరంగా అనుమానించానండీ. అయినా నాకివన్నీ ఏం అర్థమవుతాయిలెండి" అంది. ముప్పై నాలుగేళ్లలో తను ఆ మాట అనడం అదే మొదలు. మర్నాటికి లేదు.

అర్థమైంది తనకొక్కదానికే. ఆదివారం నేను అరిచింది మీ అమ్మ ఫోటో వైపు తిరిగి. అది అక్కయ్యకు కనపడలేదు.

క్షమాపణ చెప్పవలసిన మనిషి లేదు. ఉన్నవాళ్లకైనా చెబుతాను. ఈ ఆదివారం గంపలగూడెం వెళ్తున్నాను. అక్కయ్యకి ఆ కథంతా విప్పి చెప్పాలి. నా వల్ల అవుతుందో లేదో.

డబ్బాలో గోంగూర పచ్చడి పంపింది. బాగుంది. డబ్బా కడిగి ఆరబెట్టాను. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా. మీ అమ్మ అందులో ఏం పెట్టి పంపేదో నేనెప్పుడూ చూడలేదు. నీకు గుర్తుంటే శనివారంలోగా ఫోన్ చెయ్యి. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

ఈసారి పెట్టెయ్యను.

ఇట్లు,
మీ నాన్న
జగన్నాథరావు