వెళ్లొస్తానన్న మాట

తేదీ 15, ఆదివారం. ఈ రోజు పిల్లల దుప్పట్లు ఇరవై ఉతికాను, ఊడిన బొత్తాలు తొమ్మిది కుట్టాను, పదకొండు తలలు దువ్వి జడలు వేశాను.

చెల్లీ, నేను కులాసా. సేవకని పరాయి దేశం వెళ్లి, సెలవు రోజున కూడా అనాథాశ్రమంలో నీకేం పని అంటావేమో, విను. ఎనిమిది రోజుల కిందట, శనివారం సాయంత్రం నా బసకి బయల్దేరుతూ, మనింటి అలవాటు కొద్దీ, ఇక్కడి భాషలో పిల్లలకి 'వెళ్లొస్తాను' అని చెప్పాను. ఉత్త 'వెళ్తున్నాను' అనడానికి నాకు నోరెలా వస్తుంది? ఇక్కడ నిజంగా తిరిగొచ్చేవాళ్లు తప్ప ఎవరూ 'వెళ్లొస్తాను' అనరట. నేను పిచ్చుక అని పిలుచుకునే అయిదేళ్ల పిల్ల నేను మర్నాడే వస్తాననుకుని, ఆదివారమంతా బూట్లు విప్పకుండా, తిండి ముట్టకుండా గుమ్మంలోనే కూర్చుందట.

సోమవారం ఆయా నన్ను పక్కకి పిలిచి, "వీళ్లని ఇక్కడ దింపి పోయినవాళ్లంతా వస్తామనే చెప్పారమ్మా. నువ్వు రాని రోజు రానని చెప్పెయ్, కాసేపు ఏడ్చి ఊరుకుంటారు" అంది. వారమంతా పిచ్చుక నా వంక చూడలేదు.

మీ బావగారు బీపీ మాత్ర మర్చిపోకుండా వేసుకుంటున్నారా? పప్పుల డబ్బాలు ఓసారి ఎండలో పెట్టించు. ఈ సంగతి అమ్మతో అనకు, "ఈ వయసులో అంత దూరం దానికెందుకే" అని మళ్లీ మొదలుపెడుతుంది. నెలాఖరున ఇంటికి తిరిగొచ్చేటప్పుడు పిచ్చుకతో 'వెళ్తున్నాను' అనే చెప్పాలి. ఇప్పటినుంచే మనసు పీకుతోంది.

అమ్మకి నమస్కారం, నీ పిల్లలకి ఆశీస్సులు. ఇవాళ పని అయ్యాక, చీకటి పడేదాకా గుమ్మంలో దాని పక్కనే కూర్చున్నాను. అది మాట్లాడలేదు గానీ, లేచి పోనూ లేదు. పోయిన ఆదివారం బాకీ ఈ ఆదివారంతో చెల్లు.