ఏసీలోంచి సాంబ్రాణి

శుక్రవారం, రాత్రి

ఫిల్మ్‌నగర్‌లో లహరి ఎడిటింగ్ చేసే ఆఫీసుకు ఈ రోజు వెళ్లాను. ఆ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నా మనవరాలికి దగ్గు తగ్గడం లేదు, జుట్టంతా సిగరెట్ వాసన. అది తాగదు. అడిగి తేల్చుకున్నాను.

"పొగ తాగే రూము వేరే ఉందమ్మా. తలుపు ఎప్పుడూ బందే ఉంటది," అన్నాడు మేనేజరు.

శుక్రవారం కదా అని సాంబ్రాణి వెలిగించి, ఆ గదిలోనే పెట్టి తలుపు వేయించాను. లహరి గదికి కిటికీ లేదు. అక్కడ కూర్చున్న కాసేపటికే ఏసీలోంచి ఘుమఘుమలాడుతూ సాంబ్రాణి వాసన వచ్చింది.

"గీడికెట్ల వచ్చిందమ్మా?" అన్నాడాయన.

"సిగరెట్ పొగ వచ్చే దారినే వచ్చింది నాయనా. రెండు గదులకూ ఏసీ గొట్టం ఒకటే."

ఆయన తల గోక్కున్నాడు. "జర ఆగుండ్రి. మేడ మీదికి పోయి తాగమని సార్లకు చెప్త."

ఆటోలో లహరి ముఖం తిప్పుకుని కూర్చుంది. "వాళ్లకు కోపమొచ్చి నన్ను మానేయమంటే ఏం చేయను నానమ్మా? నాకు ఈ పనే కావాలి."

దాని ఊపిరి గురించి వెళ్లాను, ఉద్యోగం మీదికి తెచ్చానేమో...

పక్క గదిలో ఇంకా దగ్గుతోంది. ఉతికిన చున్నీ రేపటికి తీసిపెట్టాను. రేపు సాయంత్రం లహరి ఇంటికి రాగానే ముందు ఆ చున్నీ వాసన చూస్తాను.