ముడి వేసినవాళ్లకే తొలి లడ్డూ

బావా,

నువ్వు లేకుండా వచ్చిన మొదటి ఆగస్టు పదిహేను ఇది. ఎప్పటిలాగే దువ్వాడలో మీ డాబా మీద చుట్టాలందరం పిల్లలతో చేరాం. జెండాలో బంతిపూల రేకులు పోసి, మడతపెట్టి ఈసారి నేను కట్టాను. పోర్టులో అన్నేళ్లు తాళ్లు కట్టిన నీ ముడి ఒక్కసారి లాగితే చాలు, విడిపోయేది. నాదేమో ఎంత లాగినా కదల్లేదు.

“ఏట్రా సేత్తన్నావ్? జెండా కట్టినావా, మూట కట్టినావా?” అని అక్క కసిరింది.

అప్పుడు నీ కూతురు ముందుకొచ్చింది. “ఉండు మావయ్యా, నాను కడతాను. నాన్న నాకు నేర్పీసినాడు.”

జెండా దింపించి మళ్లీ కట్టింది. మన ఆనవాయితీ ప్రకారం అందరికన్నా చిన్నది, మా బుజ్జిది, తాడు లాగింది. జెండా ఠక్కున విచ్చుకుని రేకులన్నీ మా నెత్తిన రాలాయి. జనగణమనలో అందరికన్నా నా గొంతే పెద్దగా వినిపించింది. గర్వం మరి, ఏం చేయను!

ముడి వేసినవాళ్లకే తొలి లడ్డూ అని రూలు పెట్టింది నువ్వే. ఇన్నేళ్లూ మాకెవరికీ దక్కనివ్వలేదు. పళ్లెం పట్టుకున్న అక్క ఒక్క క్షణం ఆగి, ఆ తొలి లడ్డూని నీ కూతురి చేతిలో పెట్టింది.

అందరం చూస్తుండగా మొత్తం తినేసింది బావా. పొడి కూడా మిగల్చలేదు.