కోడలు కొట్టిన గుండ్లు

ఖమ్మం,
సోమవారం

పూజ్యులు అత్తయ్యగారికి,

మీ కోడలు ఉదయశ్రీ నమస్కారాలు. క్షేమంగా చేరాను. ఇక్కడ గేటు దగ్గరే మా ఫోన్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. క్యాంపు అయ్యేదాకా ఫోను ముట్టుకుంటే మనసు చెదురుతుందట. అందుకే ఈ ఉత్తరం. మన దమ్మపేట బస్సు నడిపే రాందాస్ మా ఎదురు హోటల్లోనే టీ తాగుతాడు కాబట్టి అతని చేతికే ఇస్తున్నాను.

విషయాలన్నీ మీ అబ్బాయి చెప్పే ఉంటారు, మళ్ళీ రాయను. తెల్లారగానే రేంజ్‌కి వెళ్తున్నాం. నిన్న నలభై గుండ్లు కొట్టాను. ఇవాళ అరవై. భుజం లాగేస్తోంది. ఈసారి రేంజ్‌కి క్రోనోగ్రాఫ్ అని కొత్త మిషను వచ్చింది. గుండు ఎంత వేగంగా పోతోందో ఠక్కున చెప్పేస్తుంది. మా కోచ్ దేవ్‌సింగ్ గారు దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని తిరుగుతున్నారు. "ఒక గుండు జల్దీ పోయి ఇంకో గుండు నిమ్మళంగ పోతే ఏం ఫాయిదా? అన్ని గుండ్లు ఒక్కతీరుగ పోవాలె" అంటారు.

నాకు మాత్రం దిగులుగా ఉంది. ఎంత జాగ్రత్తగా కొట్టినా నావి కిందికి జారిపోతున్నాయి. ఆదివారమే పోటీ. మీరు మోకాళ్ళకి నూనె రాసుకోవడం మరిచిపోకండి.

మీ కోడలు,
ఉదయశ్రీ

తా.క.: ఆడవాళ్ళలో నా అంత ఓపిగ్గా గుండు కొట్టేవాళ్ళని చూడలేదని దేవ్‌సింగ్ గారు అందరి ముందూ అన్నారు.

*

దమ్మపేట,
మంగళవారం

చి.ల.సౌ. ఉదయశ్రీకి,

అత్తయ్య సుబ్బరత్నం దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం చదివి పామాయిల్ తోట గట్టు మీదే కూలబడ్డాను. మా అబ్బాయి నాతో "ఆటల క్యాంపు" అన్నాడు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. అరవై గుండ్లు కొట్టడం ఏ ఆటే తల్లీ? హైస్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయించే దానివి, నీకు కత్తి పట్టడం ఎవరు నేర్పారు?

మనవైపు రేంజ్ అంటే ఫారెస్టు రేంజాఫీసే. చెట్లు కొట్టేవాళ్ళని పట్టుకోవాల్సిన వాళ్ళు గుండ్లు కొట్టించడమేంటి? కొట్టించారే అనుకో, ఆ గుండు ఎంత వేగంగా పోతోందో కొలవడం దేనికి? నీ చేతిలో కత్తి చూసి జనం పరిగెడుతున్నారా? భద్రాచలం కల్యాణకట్టలో ఇన్నేళ్ళుగా ఎన్ని లక్షల గుండ్లు అయ్యాయో, ఒక్కదాని వేగమైనా ఎవరన్నా కొలిచారా?

కిందికి జారుతోందన్నావు. జాగ్రత్త. చెవులుంటాయి అక్కడ.

అయినా ఒక మాట. ఏ పనీ చిన్నది కాదు. నువ్వు ఏది మొదలుపెట్టినా సగంలో వదలవని నాకు తెలుసు. పొద్దున్నించి అరవై మంది తలలు నీ చేతికి అప్పగించారంటే నీ చెయ్యి మీద వాళ్ళకెంత నమ్మకం ఉండాలి! అందుకు నాకు గర్వంగానే ఉంది.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: మన తోటలో గెలలు ఏరే ద్వాలి మనవరాలికి పుట్టువెంట్రుకలు తియ్యాలట. ముహూర్తం కూడా చూసుకుంది. "మా కోడలొచ్చి తీస్తుంది, ఆగు" అని చెప్పాను. మాట పోనివ్వకు.

*

ఖమ్మం,
బుధవారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మెస్సులో చదువుకుని ఎంత నవ్వానంటే పక్కమ్మాయి భార్గవి మంచినీళ్ళు తెచ్చి తాగించింది. అత్తయ్యా, గుండంటే తల గుండు కాదు, తుపాకీ గుండు! రేంజ్ అంటే తుపాకీ కాల్చే చోటు. నాది గాలి తుపాకీ. పది మీటర్ల దూరంలో కాగితం మీద ఆవగింజలో సగం ఉండే చుక్కని కొట్టాలి. రెండేళ్ళుగా సెలవురోజుల్లో వచ్చి నేర్చుకుంటున్నాను. మీ అబ్బాయి చెప్పారనే అనుకున్నాను.

మిషను సంగతి అడిగారు కదా. చిన్న గొట్టంలాంటి పెట్టె. దానికి ముందొక కన్ను, వెనకొక కన్ను. గుండు మొదటి కన్ను ఎప్పుడు దాటిందో, రెండో కన్ను ఎప్పుడు దాటిందో పట్టుకుని వేగం లెక్కకడుతుంది. మనం రెప్ప వెయ్యడానికి పట్టేపాటి సమయం కూడా పట్టదు. నాకు దాన్ని చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

నా గుండ్లు కిందికి పడుతున్నాయని రాశాను కదా. "టీచరమ్మకి వయసైంది, చెయ్యి వణుకుతున్నది" అని వెనక ఎవరో అంటే నా చెవిన పడింది. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి, నిజమే కాబోలు అనుకున్నాను. మంగళవారం పెట్టె సర్దేశాను కూడా. దేవ్‌సింగ్ గారు చూసి తిట్టి, నా తుపాకీని బల్లకి బిగించి, మిషను గుండా కాల్పించారు. సెకనుకి నూట డెబ్బై మీటర్లు. తర్వాత నూట డెబ్బై ఒకటి. ఆ తర్వాత నూట యాభై ఎనిమిది! మళ్ళీ నూట అరవై నాలుగు. వేగం తగ్గినప్పుడల్లా గుండు కిందికి దిగుతోంది.

"చూసినవా బిడ్డా, నీ చేతిల తప్పేం లేదు. గాలి నిలుస్తలేదు. లోపల రింగు పోయింది" అన్నారు. అక్కడే ఏడ్చేశాను అత్తయ్యా. మనుషులు అన్న మాట నమ్మేశాను, నన్ను నేనే నమ్మలేదు. ఆ పెట్టె నమ్మింది.

ఇక రింగు దొరకాలి. అదే కష్టంగా ఉంది.

మీ
ఉదయశ్రీ

తా.క.: ద్వాలికి దయచేసి వేరే ఏర్పాటు చేసుకోమని చెప్పండి.

*

దమ్మపేట,
గురువారం పొద్దున

చి.ల.సౌ. ఉదయశ్రీకి దీవెనలు.

ముందు ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. మనం ఉండేది అడవి అంచున. ఇక్కడ "తుపాకీ" అనే మాట కాగితం మీద పెడతావా, అదీ నాలుగుసార్లు! ఆ కాగితాన్ని బస్సు డ్రైవరు చేత పంపుతావా! దారిలో ఎన్ని చెక్‌పోస్టులో తెలుసు కదా. రాందాస్ నా చేతికిస్తూ "ఏందమ్మా, కోడలు నౌకరీ మారిందా?" అని అడిగాడు. చదివాడో, ఊరికే అడిగాడో. నాకు చెమటలు పట్టాయి. ఇక మీదట దాన్ని "పొట్లకాయ" అని రాయి. పొడుగ్గానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

రెండోది. నీ చెయ్యి వణుకుతోందన్న మనిషి పేరు రాసి పంపు. నేను మాట్లాడతాను. మొన్న గాలివానకి మోటారు షెడ్డు మీద రేకు ఎగిరిపోతుంటే ఒక్కచేత్తో పట్టుకుని నిలబడ్డ చెయ్యి అది. నాకు తెలియదా?

మూడోది ముఖ్యం. రింగు పోయిందన్నావు. పోతే పోయింది, బాధపడకు. నిశ్చితార్థం ఉంగరం మళ్ళీ చేయించుకోవచ్చు. కానీ పొట్లకాయలోకి ఎలా జారిందో నాకు అర్థం కాలేదు. అది లేకపోతే పనిచెయ్యదని మీ సారు అన్నాడంటే ఏదో శాస్త్రం ఉండే ఉంటుంది. అందుకని నా వేలి ఉంగరం పంపుతున్నాను. మా అమ్మ పెట్టింది. నలభై ఏళ్ళుగా తియ్యలేదు, సబ్బు రాస్తే గాని రాలేదు. మొహమాటపడక లోపల వెయ్యించు. గాలి ఆగితే అంతే చాలు.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: గాలి బాగా నిలవడానికి వాము కూడా పెట్టాను. అది నీకో పొట్లకాయకో మీ సార్‌ని అడిగి వాడు.

*

ఖమ్మం,
గురువారం సాయంత్రం

అత్తయ్యగారికి,

ఉంగరం అందింది. దాన్ని కళ్ళకద్దుకున్నాను. రాందాస్‌తోనే వెనక్కి పంపుతున్నాను, దయచేసి ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వేలికి పెట్టుకోండి. లోపల పోయింది బంగారపు ఉంగరం కాదు. రబ్బరు రింగు. మన కుక్కరు మూతకి ఉంటుందే, అలాంటిది, వేలెడంత కూడా ఉండదు. హైదరాబాద్ నించి రావాలి. వస్తుందో రాదో తెలియదు.

మీరు చెప్పినట్టే రాస్తున్నాను. పొట్లకాయ ఇక పనికొచ్చేలా లేదు. ఇక్కడ ఎవరి పొట్లకాయ వాళ్ళదే, ఒకరిది ఇంకొకరి భుజానికి సరిపోదు. ఆదివారం పొద్దున్నకల్లా మంచి పొట్లకాయ చేతిలో లేకపోతే పోటీ లేదు, నేను ఇంటికొచ్చేస్తాను. ఎంత కష్టపడ్డానో తలుచుకుంటే ఏడుపొస్తోంది.

మీ
ఉదయశ్రీ

తా.క.: వాము దేవ్‌సింగ్ గారు తీసేసుకున్నారు. ఆయనకి బాగా పనిచేసిందట.

*

దమ్మపేట,
శుక్రవారం

చి.ల.సౌ. ఉదయశ్రీకి,

ఘోరం జరిగింది. నీ ఉత్తరం వచ్చేసరికి నేను తోటలో ఉన్నాను. మీ ఆయన మధిర నించి పత్తి లోడు పని ముగించుకుని వచ్చి, అరుగు మీద ఉత్తరం చూసి చదివాడు. "పోటీకి ముందు చలవ చేసే కూరలు తినాలి కాబోలు, అక్కడ పొట్లకాయ దొరకట్లేదు పాపం" అన్నాడు. అని, సంచి పట్టుకుని సంతకి పోయాడు. పదకొండు పొట్లకాయలు తెచ్చాడు. వంకర పోకుండా చివర రాళ్ళు కట్టి పెంచినవి ఏరి ఏరి తెచ్చాడు.

అసలు సంగతి చెబుదామంటే పక్కనే రాందాస్. రహస్యం రహస్యమే కదా, నోరు మూసుకున్నాను. రాందాస్ వాటిని డ్రైవరు సీటు వెనక నిలబెట్టి "టీచరమ్మకు గిన్ని పొట్లకాయలు ఏంటికమ్మా?" అన్నాడు. "గెలవడానికి" అన్నాను. ఇంకేం అనను?

ఇప్పుడు నా మాట విను. ఇంటికి రావద్దు. కాల్చి ఓడిపోతే రా, కాల్చకుండా రాకు. నీ లోపల లోపం లేదని ఒక మిషను సాక్ష్యం చెప్పాక కూడా పెట్టె సర్దితే ఆ మిషనుకి అవమానం. ఆదివారం నేనే వస్తున్నాను. మన డ్రిప్పు పైపుల వాషర్లు డబ్బాడు తెస్తాను, ఏదో ఒకటి సరిపోకపోదు.

అత్తయ్య

తా.క.: పొట్లకాయలు ఊరికే పోనివ్వకు. మెస్సు వాళ్ళకిచ్చి పెసరపప్పు వేసి వండమను.

*

ఖమ్మం,
సోమవారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

గెలిచాను అని రాయను గానీ, ఓడలేదు. రాష్ట్ర జట్టుకి నలుగుర్ని తీసుకున్నారు. నాలుగోదాన్ని నేను!

శనివారం చీకటి పడే వేళకి రింగు వచ్చింది. దేవ్‌సింగ్ గారు బిగించి మిషను ముందు పెట్టారు. నూట డెబ్బై. నూట డెబ్బై. నూట డెబ్బై ఒకటి. నూట డెబ్బై. ఆ అంకెలు అలా వరసగా వస్తుంటే భార్గవి నన్ను గట్టిగా వాటేసుకుంది. మీ వాషర్ల డబ్బా ఆదివారం గానీ రాలేదు, వచ్చినా ఆయన వద్దనేవారే. ఈ గాలి ఒత్తిడికి డ్రిప్పు వాషర్ ఆగదట.

కానీ అత్తయ్యా, ఒక్క మాట అడగనా? నేను కాల్చడం మొదలుపెట్టేముందు మీరు వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. అయిపోయి తిరిగి చూస్తే లేరు. హాలంతా వెతికాను. విసుగొచ్చి బస్సెక్కేశారనుకున్నాను. అవును, అందులో చూడ్డానికి ఏముంటుంది, మనిషి కదలదు, గుండు కనబడదు. కానీ ఎందుకో మనసు చివుక్కుమంది. నాకు వాళ్ళు మెడలో వేసిన జట్టు పట్టీ మీకే చూపించాలనుకున్నాను. దేవ్‌సింగ్ గారిని అడిగితే నవ్వి "గా ముచ్చట ఆమెనే అడుగు" అన్నారు.

బుధవారం వస్తాను.

మీ
ఉదయశ్రీ

తా.క.: పెసరపప్పు కూర అందరికీ నచ్చింది. వరసగా మూడు పూటలు నచ్చాక ఇక చాలన్నారు.

*

దమ్మపేట,
మంగళవారం

చి.ల.సౌ. ఉదయశ్రీకి అత్తయ్య దీవెనలు.

పిచ్చిదానా, నేను బస్సెక్కలేదు. నువ్వు చివరి గుండు కాల్చేదాకా ఊపిరి బిగబట్టుకుని చూశాను. నువ్వు ఆ బరువు భుజానికి ఆనించి, కళ్ళు ఒకచోట నిలిపి, బొమ్మలా నిలబడ్డావు చూడు, మన ఇంట్లో పొద్దున్నించి హడావిడిగా తిరిగే మనిషి నువ్వేనా అనిపించింది. హాల్లో అంత మంది ఉన్నారు, ఒక్కరు దగ్గలేదు. ఒక ఆడది ఊపిరి తీసుకోవడం కోసం అంతమంది ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే అందరి ముందూ ఎందుకని లేచి వెనక వరండాలోకి వెళ్ళాను.

అక్కడ మీ సారు ఆ మిషను పెట్టుకుని క్లబ్బు తుపాకీ ఒకటి సరిచేస్తున్నాడు. (ఇక పొట్లకాయ అనను. నా కళ్ళతో చూశాక అంత అందమైన వస్తువుని కూరగాయ అనడానికి నోరు రావడం లేదు.) "మీరు ఒక్కటి కాలుస్తరా అమ్మా?" అన్నాడు మర్యాదకి. నేనూ మర్యాదకే పట్టుకున్నాను. మొదటి మూడూ గోడకి పోయాయి. నాలుగోది కాగితానికి తగిలింది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలినదాన్ని, దూరం చూపుకి అందిందంటే చేతికి అందినట్టే. తర్వాతవి నల్లచుక్క దాటి పోలేదు. మీ సారు కాగితం వంక చూసి, నా వంక చూసి, "అమ్మా, మీ వయసోళ్ళకు వేరే పోటీ ఉన్నది, ఎరుకేనా?" అన్నాడు.

పేరు ఇచ్చేసి హాల్లోకి వచ్చేసరికి మిమ్మల్ని లోపలికి పిలిచారన్నారు, ఆఖరి బస్సు పోతుందని వచ్చేశాను. మీ జట్టు ఆడే పోటీ రోజే మాదీ. మీ ఆయనకి నిన్ననే చెప్పాను. ఆ వారం తోటకి నీళ్ళు పెట్టేది, గెలలు తూకం వేయించేది, వంట చేసుకునేది అంతా తనే. విని కుర్చీలో కూర్చున్నాడు, ఇంకా లేవలేదు.

నేను మెచ్చుకునేది ఆ మిషనునే. నేను కాల్చినా నూట డెబ్బై అంది, తర్వాత మీ సారు కాల్చినా నూట డెబ్బై అంది. ముసలిదాన్నని ఒక్క మీటరు తగ్గించలేదు. అత్తనని ఒక్క మీటరు కలపలేదు. ఇంత వయసుకి నాకు అలాంటి మనిషి ఒక్కరు కూడా తగల్లేదు.

రేపు వచ్చేటప్పుడు మెడలో ఆ పట్టీ తియ్యకుండానే బస్సెక్కు. స్టాండు దగ్గర నేను నిలబడి ఉంటాను.

అత్తయ్య

తా.క.: మీరు తొడుక్కునే ఆ బిరుసు కోటు చీర మీద వేసుకోవచ్చో కూడదో మీ సార్‌ని రూల్సు పుస్తకంలో చూడమను. కూడదని ఉంటే చీర మార్చను. రూలు మార్చమను.