మామిడి చెట్టు మీద ముగిసిన చర్చ

ఆసిఫాబాద్,
జనవరి 1986

పెరటి తోట మిత్రమండలి కార్యదర్శి బాలకిషన్‌రావు గారికి, కొత్త సభ్యుడు రాజం నమస్కరించి రాసేది.

చందా కట్టగానే మీరు పంపిన పాత సంచికల కట్ట అందింది. వరుసగా చదువుతున్నాను. 1978 సంచికలో మెట్‌పల్లి జానకీబాయి గారి ప్రశ్న చూశాక అన్నం సయించలేదు. "మా మామిడి చెట్టు ఏపుగా పెరిగింది, ఒక్క కాయ కాయదు. నరికించాలా, ఉంచాలా?" అని ఆమె అడిగారు. ముగ్గురు నరకమన్నారు, ఒకరు ఉంచమన్నారు. తర్వాత అందరూ వంకాయ పురుగు మీదికి పోయారు. ఒక మనిషి అడిగిన మాటను అట్లా గాలికి వదిలేయడం బాగుందా?

నా జవాబు: నరకవద్దు. స్నానాల నీళ్లు చెట్టు మొదట్లోకి పోతుంటే మళ్లించండి. ఎప్పుడూ తడిగా ఉంటే ఆకు వస్తుంది గాని పూత రాదు. ఈ ముక్క వచ్చే సంచికలో వేయగలరు.

రాజం

తా.క. ఈ ఎనిమిదేండ్లలో చెట్టును నరికేసి ఉంటే నా జవాబు వేయకండి. ఆమె బాధపడుతుంది.


మెట్‌పల్లి,
ఫిబ్రవరి 1986

రాజం గారికి, క్షేమం కోరుతూ.

మీ ఉత్సాహానికి సంతోషం. కాని మండలికి ఒక మర్యాద ఉంది. ముగిసిన చర్చను లేపకూడదు. పెండ్లి అయి, పందిరి విప్పి, చుట్టాలు బస్సెక్కిన తర్వాత వచ్చి, పిల్ల నచ్చలేదన్నట్టు ఉంటుంది.

మీకు చెప్పకపోతే అర్థం కాదు. జానకీబాయి గారిది మా పక్కిల్లు. ఆ చెట్టు కొమ్మ గోడ దాటి, మా కప్పు మీదుగా వెనక పెరట్లోకి పాకింది. కోతులు దాని మీది నుంచి మా గూనపెంకుల మీదికి దూకుతాయి. పెంకులు పగిలి, వానాకాలంలో ఇల్లంతా గిన్నెలు పెట్టుకుంటాము. కొట్టించమంటే ఆమె ఒకటే మాట: "నీ పత్రికల నడుస్తున్న ముచ్చట గద బాలకిషనూ. ముందుగాల ముచ్చట తెగనీ, తర్వాత చెట్టు తెగుతది." ఇక ఈ నెల "చర్చ ముగిసినది" అని అచ్చు వేసి, ఉగాదికి కట్టెలు కొట్టేవాళ్లను పిలుద్దామనుకున్నాను. అప్పుడే మీ జవాబు వచ్చింది.

ముందు మాట్లాడిన పెద్దలను అడగకుండా వాళ్ల మాట మీద మాట వేయడం పద్ధతి కాదు. గ్రహించగలరు.

ఇట్లు,
బాలకిషన్‌రావు

తా.క. పాత సంచికలు చదవడానికి పంపాము. జవాబులు రాయడానికి కాదు.


ఆసిఫాబాద్,
ఫిబ్రవరి 1986

కార్యదర్శి గారికి, తప్పు తెలుసుకున్న రాజం నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. మా దగ్గర పదిమందిలో పెద్దల మాట దాటితే, ఒక్కొక్కరి ఇంటికీ పోయి తప్పైందని చెప్పాలి. దూరాభారం కనుక నలుగురికీ కార్డులు రాశాను. అందరూ మంచివాళ్లు. నిర్మల్ ప్రేమ్‌సాగర్‌రావు గారు ఏమన్నారంటే, "నరకమన్నది నాకు యాదికే లేదు. గిప్పుడు నా చెట్టు నీడకే కూసోని రాస్తున్న. నరకొద్దని రాయి." మిగిలిన ఇద్దరూ మాట మార్చుకున్నారు. అప్పుడు ఉంచమన్నాయన మాత్రం, "నా మాట గప్పుడు ఎవ్వలినలే, గిప్పుడు నరకుండ్రి" అని పట్టుబట్టారు. అందరూ మీకే రాస్తున్నారు.

జానకీబాయి గారికి కూడా క్షమాపణ కార్డు వేశాను.

రాజం

తా.క. ఒక అనుమానం. కాయ లేని చెట్టు మీదికి కోతులు ఎందుకు వస్తున్నాయి? మా దిక్కు కోతులు ఉత్తగా తిరగవు.


మెట్‌పల్లి,
మార్చి 1986

రాజం గారికి.

నేను మిమ్మల్ని మాట్లాడవద్దంటే మీరు ఊళ్లన్నీ లేపారు. జానకీబాయి మీ కార్డు చేత పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. "సూసినవా, ముచ్చట ఇంక తెగలే. ఇగ నా చెట్టు జోలికి రాకు" అంది. ఉగాది ఎంతో దూరం లేదు. కట్టెలు కొట్టేవాళ్లకు ఏమని చెప్పాలి?

దయచేసి వినండి. కొత్తగా చెప్పేదేమైనా ఉంటే కొత్త శీర్షిక పెట్టి రాయాలి. పాతదాన్ని తవ్వకూడదు. "నాదీ అదే మాట" అని ఒక్క ముక్క రాసే కార్డులు అసలే పంపకూడదు. వాటితో ఎవరికీ లాభం లేదు, చర్చ మాత్రం బతికి కూర్చుంటుంది.

బాలకిషన్‌రావు

తా.క. కోతుల సంగతి మండలి పరిధిలోకి రాదు.


ఆసిఫాబాద్,
మార్చి 1986

కార్యదర్శి గారికి దండాలు.

మీరు చెప్పినట్టే కొత్త శీర్షిక పెట్టాను: "ముగిసిన చర్చను లేపవచ్చునా?" ఉదాహరణగా జానకీబాయి గారి చెట్టును తీసుకున్నాను. వేరే ఉదాహరణ నాకు తెలియదు.

ఇంకొకటి. మర్యాదలు నలుగురికీ తెలియాలని మీ ఉత్తరం హోటల్లో చదివి వినిపించాను. అదే పొరపాటైంది. ఒక్క ముక్కతో కూడా కార్డు రాయవచ్చని వాళ్లకు అప్పుడే తెలిసింది. నాగయ్య, ముత్తయ్య, హనుమండ్లు, అందరూ "నాది గదే మాట" అని రాసి డబ్బాలో వేశారు. ఏ మాట అని నేనడిగితే, "రాజమన్నా, నువ్వు ఏదంటె గదే" అన్నారు. బుచ్చవ్వకు రాయరాదు, వేలిముద్ర వేసింది.

ఇక మిమ్మల్ని సతాయించను. పసుపు అమ్మడానికి మెట్‌పల్లి వస్తున్నాను. చెట్టును కళ్లారా చూసి, నరకవలసిందే అయితే జానకీబాయి గారికి నేనే చెప్పి చర్చ ముగిస్తాను.

రాజం

తా.క. చెప్పకుండా రావడం మర్యాద కాకపోతే, ఇదే చెప్పడం.


ఆసిఫాబాద్,
ఏప్రిల్ 1986

కార్యదర్శి గారికి నమస్కరించి రాజం రాసేది.

నేను వచ్చిన రోజు మీరు ఆఫీసుకు పోయారు. మీ ఇంటి అమ్మగారు తారాబాయి గారు కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆ మామిడికాయ తొక్కు రుచి ఇంకా నాలుక మీద ఉంది.

ముందు జానకీబాయి గారి వైపు నుంచి చూశాను. ఆకు తప్ప ఏమీ లేదు. ఆమె మేడ నీడ పడుతుంది, స్నానాల నీళ్లు అక్కడే ఆగుతాయి. నరకవలసిందే అనుకున్నాను. చేతులు కడుక్కోవడానికి మీ వెనక పెరట్లోకి పోతే, మీ వైపు కొమ్మ నిండా గుత్తులు గుత్తులుగా కాయలు. నెత్తికి తగిలాయి. నేను అరవబోతే అమ్మగారు ఆపారు.

"గట్టిగ అనకు తమ్మీ. ఆరేండ్ల సంది కాస్తనే ఉన్నది. మీ సారు ఇంటెన్క కాలు పెడ్తె గద సూసేది. కుర్చీల కూసోని తోటల మీద రాస్తడు."

"మరి ఈ తొక్కు ఎక్కడిదని సారు అడగలేదా అమ్మా?"

"మా అవ్వగారింటి నుంచి వచ్చిందంటె ఇంకో బుక్క ఎక్కువనే తింటడు."

కాబట్టి చెట్టు కాస్తుంది. కోతులది తప్పు లేదు. ఈ సంగతి రాసి పంపుతాను. వచ్చే సంచికలో వేస్తే చర్చ శుభంగా ముగుస్తుంది.

రాజం

తా.క. దీన్ని పాత శీర్షిక కింద పంపాలా, కొత్త శీర్షిక కిందనా?


మెట్‌పల్లి,
ఏప్రిల్ 1986

తమ్ముడు రాజంకు, ఆశీస్సులతో.

ఏ శీర్షిక కిందా పంపకు. నిన్న ఆఫీసు నుంచి తిన్నగా వెనక పెరట్లోకి పోయాను. తలుపు గొళ్లెం ఎటు తీయాలో నాకు తెలియలేదు. కాయలు చూశాను. ఒకటి కోసుకుని, ఉప్పూ కారం అద్దుకుని, అక్కడే నిలబడి తిన్నాను. మా ఇంటావిడ ఇంకొకటి కోసి ఇచ్చింది.

ఇప్పుడు నా పరేషాన్ విను. చర్చ ముగిసిందంటే జానకీబాయి అన్న మాట ప్రకారం చెట్టు కొట్టిస్తుంది. కాస్తుందని అచ్చు వేస్తే తన చెట్టు కాయలు తనకు కావాలంటుంది. కాబట్టి ఈ చర్చ తెగనూ కూడదు, తేలనూ కూడదు. కట్టెలు కొట్టేవాళ్లను వెనక్కి పంపాను. నెలకొక ఉత్తరం నువ్వు రాయి. నరకాలని ఒకసారి, వద్దని ఒకసారి. ముందు ఉంచమని, తర్వాత నరకమన్నాయన్ను జర చల్లారనీయకు. కార్డులు అయిపోతే చెప్పు, పంపిస్తాను.

నీ శ్రేయస్సు కోరే
బాలకిషన్‌రావు

తా.క. ఉత్తరం అంటించబోతుంటే జానకీబాయి గోడ మీది నుంచి ఖాళీ జాడీ అందించింది. "తారా, నిరుటి తొక్కు ఒడిసింది. ఈసారి కారం జర తక్కువెయ్" అంది. అప్పుడు నన్ను చూసింది. "నీకు గిప్పుడు ఎర్కైందా బాలకిషనూ? మరి నేను గిన్నేండ్లు ఆ చెట్టెందుకు కొట్టియ్యలే అనుకున్నవ్? నువ్వు పత్రిక నడుపుకో, చెట్టు సంగతి మేం సూస్కుంటం" అంది.